రోగుల ఋణం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)

క్యాన్సర్ చికిత్స పూర్తిచేసుకున్నవారు, ఇంకా చికిత్సలో ఉన్నవారు, వారి కుటుంబాలవారు కూడా ఈ సభకు వచ్చారని నిర్వాహకులు చెప్పారు. ఈ ఉపన్యాసం రాసుకున్నంతసేపూ నా మనసులో ఉన్న శ్రోతలు వారే. వారికి నమస్కరిస్తున్నాను.

సుబ్బారావుగారి పేరుమీద జరిగే సభల్లో ఒక ఆవేదన తప్పకుండా వినిపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టి, 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక, 1940లో లెడర్లే అనే మందుల సంస్థకు వెళ్ళి, అక్కడ ఎన్నో ప్రాణాలు నిలిపిన మందులకు దారి తీసిన మనిషికి తగిన గుర్తింపు రాలేదన్న ఆవేదన అది. న్యాయమైన ఆవేదనే. దాన్ని నేనూ పంచుకుంటాను. కానీ ఆయన కథలోనే ఇంకా లోతైన మరుపు ఒకటి ఉంది. ఆయన ప్రయోగశాలలో తయారైన మందును మొదటగా ఒంట్లోకి ఎక్కించుకున్నవారిని ఎవరూ తలుచుకోరు. ఈ సాయంత్రం నేను వారి గురించి, వారి తరవాత ఇప్పటిదాకా వచ్చిన అలాంటివారి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. క్యాన్సర్ వైద్య చరిత్రను మనం శాస్త్రజ్ఞుల చరిత్రగా రాసుకున్నాం. అది అంతకు తక్కువ కాకుండా రోగుల చరిత్ర కూడా. ప్రతి మందు వెనకా, అది పనిచేస్తుందో లేదో తెలియని రోజున దాన్ని తీసుకోవడానికి ఒప్పుకున్న మనుషులున్నారు. తరవాత వచ్చిన మనమందరం వారికి ఋణపడ్డాం. ఈ ఋణాన్ని ఎలా తీసుకుంటున్నాం, ఎలా తీరుస్తున్నాం అన్నదే ఇవాళ్టి నా ప్రశ్న.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో వచ్చే పసిపిల్లలను చూసేవాడు. ఆ రోజుల్లో తీవ్రమైన ల్యుకేమియా అంటే కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. రక్తం ఎక్కించడం తప్ప చేయగలిగింది లేదు. కొన్ని రకాల రక్తహీనతను ఫోలిక్ ఆమ్లం బాగుచేస్తుందని అప్పటికే తేలింది. ఆ విటమిన్ జాడను 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలిస్తూ లూసీ విల్స్ మొదట పట్టుకుంది. లెడర్లేలో సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాని రూపాలను ల్యుకేమియా పిల్లలకు ఇస్తే మేలు జరుగుతుందేమోనని ఫార్బర్ ఆశించాడు. ఇచ్చాడు. జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగింది. ఆ పిల్లల శరీరాలు చెప్పిన ఆ చేదు సత్యంలోనే మలుపు ఉంది. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచితే, దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును ఆపాలి కదా! లెడర్లే నుంచి అలాంటి విరుద్ధ పదార్థాలు వచ్చాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను 1947 చివర్లో పిల్లలకు ఇవ్వడం మొదలైంది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల ప్రస్తావన ఉంది. వారిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

‘తాత్కాలికంగా’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆ మందు ఆ పిల్లలకు ఇచ్చింది కొన్ని నెలలు. ఆ కొన్ని నెలల నుంచే అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ వచ్చింది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మందుతోనే గర్భసంబంధమైన ఒక అరుదైన క్యాన్సర్‌ను నయం చేయగలిగారు. తరవాత ఒక మందుకు మరో మందు కలుపుతూ, ఒక ట్రయల్ మీద మరో ట్రయల్ నిర్మిస్తూ, పిల్లల ల్యుకేమియాను మంచి చికిత్స దొరికిన చోట ఎక్కువమందికి నయమయ్యే జబ్బుగా మార్చారు. ఈ మార్పు ఒక్క మహానుభావుడి మెరుపులాంటి ఆలోచనతో రాలేదు. తమ బిడ్డ బతకడని తెలిసి కూడా ప్రయోగానికి ఒప్పుకున్న వేలాదిమంది తల్లిదండ్రుల వల్ల వచ్చింది.

ఆ తల్లిదండ్రులను ఎలా అడిగారు? ఆనాడు నైతిక కమిటీలు లేవు, వివరమైన సమ్మతి పత్రాలు లేవు. వైద్యుడి మీద నమ్మకమే సమ్మతి. అదే కాలంలో ప్రపంచంలో మరో రెండు సంఘటనలు జరిగాయి. 1947 ఆగస్టులో నాజీ వైద్యుల మీద విచారణ ముగిస్తూ నూరెంబర్గ్ న్యాయస్థానం, మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోనిదే అతని మీద ప్రయోగం చేయరాదని మొదటి సూత్రంగా ప్రకటించింది. 1948 అక్టోబరులో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. ఎవరికి మందు, ఎవరికి పడక విశ్రాంతి మాత్రమే అన్నది వైద్యుడి ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించిన తొలి పెద్ద ప్రయోగాల్లో అది ఒకటి. ఇంచుమించు 14 నెలల వ్యవధిలో క్యాన్సర్ మందు, సమ్మతి సూత్రం, నిష్పాక్షికంగా పరీక్షించే పద్ధతి, మూడూ లోకానికి వచ్చాయి. వచ్చాయి గాని ఒకదానితో ఒకటి కలవలేదు. స్ట్రెప్టోమైసిన్ ప్రయోగంలో ఉన్న రోగులకు తాము ప్రయోగంలో ఉన్నామన్న సంగతే చెప్పలేదు. నూరెంబర్గ్ సూత్రం నాజీలకే గాని తమకు కాదని చాలామంది మంచి వైద్యులు అనుకున్నారు. అమెరికాలో టస్కీగీలో నల్లజాతి పురుషులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, పెనిసిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్న అధ్యయనం 1932లో మొదలై 1972 దాకా సాగింది. మనుషుల మీద వైద్య ప్రయోగాలకు నైతిక సూత్రాలు చెప్పిన హెల్సింకీ ప్రకటన 1964లో వచ్చాక కూడా అది ఎనిమిదేళ్ళు నడిచింది. సూత్రం అచ్చయినంత మాత్రాన మనిషి దాకా చేరదు.

చీటీ తీసినట్టు నిర్ణయించడం అన్నది వినగానే రోగికి గుండె జల్లుమంటుంది. ‘నా ప్రాణం మీద చీటీలు వేస్తారా?’ అన్న ప్రశ్న సహజం. దానికి జవాబు చెప్పకుండా ఎవరినీ ట్రయల్‌లోకి పిలవకూడదు. జవాబు రొమ్ము క్యాన్సర్ చరిత్రలో ఉంది. 19వ శతాబ్దం చివర హాల్‌స్టెడ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు రొమ్మును, దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసేసే పద్ధతి పెట్టాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత భద్రం అన్నది దాని వెనక తర్కం. దాదాపు ఎనభై ఏళ్ళు ప్రపంచమంతా దాన్నే పాటించారు. స్త్రీలు చెయ్యి సరిగా ఎత్తలేక, వాచిన చేతులతో, వంకరపోయిన ఛాతీతో బతికారు. పిట్స్‌బర్గ్‌కు చెందిన బెర్నార్డ్ ఫిషర్ దాన్ని ప్రశ్నించాడు. 1971లో మొదలుపెట్టిన ట్రయల్‌లో 1,665 మంది స్త్రీలు చేరారు. అంతపెద్ద కోత వల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. 1976లో మొదలైన రెండో ట్రయల్‌లో రొమ్మంతా తీయడానికి బదులు గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోతుందని తేలింది. 20 ఏళ్ళ తరవాత 2002లో లెక్కచూసినా ఆయుష్షులో తేడా లేదు.

ఈ రెండో ట్రయల్‌కు స్త్రీలు దొరకడం చాలా కష్టమైంది. అసలు అడ్డుపడింది రోగుల కంటే వైద్యులే. ‘మీకు ఏది మంచిదో నాకు తెలియదు’ అని రోగి ముఖం చూసి చెప్పడం వైద్యుడికి ఎంత కష్టమో ఈ సభలోని వైద్యులకు నేను చెప్పనక్కరలేదు. చివరికి ఒక ఉపాయం పన్నారు. ముందు చీటీ తీసి, ఏ చికిత్సో తేలాక, ఆ చికిత్స పేరు చెప్పి సమ్మతి అడిగారు. చేరికలు బాగా పెరిగాయి. కానీ అడిగే ముందే నిర్ణయం జరిగిపోయిన సమ్మతి ఎంతవరకు సమ్మతి అన్న ప్రశ్న మిగిలింది. ఫలితం గొప్పదైనంత మాత్రాన ఆ ప్రశ్న చెల్లిపోదని నా అభిప్రాయం. అదే సమయంలో ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ స్త్రీలు ముందుకు రాకపోయి ఉంటే ఇవాళ హైదరాబాదులోనో గుంటూరులోనో రొమ్ము నిలుపుకుని బయటికి వచ్చే స్త్రీకి ఆ అవకాశం ఉండేది కాదు.

ట్రయల్‌లో చేరనంత మాత్రాన భద్రం అనుకునేవారికి ఇంకో చరిత్ర చెప్పాలి. 1980ల చివర, 1990లలో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అత్యధిక మోతాదులో కీమో ఇచ్చి, దెబ్బతిన్న మూలుగను తిరిగి ఎక్కించే చికిత్స మీద ఎనలేని ఆశ పుట్టింది. ట్రయల్‌లో చేరితే ఆ చికిత్స రావచ్చు, రాకపోవచ్చు. బయట డబ్బు పెడితేనో, బీమా సంస్థను ఒప్పిస్తేనో ఖాయంగా దొరికేది. అందుకే ట్రయల్‌కి వచ్చినవారు తక్కువ, బయట చేయించుకున్నవారు వేలల్లో. జవాబు రావడం ఏళ్ళ తరబడి ఆలస్యమైంది. 1999లో ఫలితాలు వచ్చేసరికి మామూలు కీమో కంటే ఆ చికిత్స వల్ల అదనపు మేలు కనిపించలేదు. మేలు చూపించిన దక్షిణాఫ్రికా వైద్యుడి లెక్కలు 2000లో తనిఖీ చేస్తే బూటకమని తేలాయి. ఆ ఆలస్యం కాలంలో ఎందరో స్త్రీలు ఆ చికిత్స తాకిడికే చనిపోయారు. తెలియని చికిత్సను ప్రయోగమని చెప్పి ఇవ్వడం ఒకటి, తెలుసునని నమ్మించి ఇవ్వడం మరొకటి. రెండోదే ఎక్కువ ప్రమాదకరం. దానికి లెక్క ఉండదు, కాపలా ఉండదు, దాని నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఇప్పుడు మన ఆస్పత్రుల వరండాలకు వద్దాం. మన దేశంలో ఏటా దాదాపు 14 లక్షలమందికి కొత్తగా క్యాన్సర్ బయటపడుతోంది. ఆదిలాబాదు నుంచో, శ్రీకాకుళం నుంచో, పల్నాడు నుంచో రోగి వస్తుంది. ముక్క పరీక్షకు ఒకరోజు, స్కానింగుకు ఒకరోజు, ఆరోగ్యశ్రీ అనుమతికి ఇంకొన్ని రోజులు. వెంట కొడుకో, తమ్ముడో, అల్లుడో ఉంటాడు. కరెంటు పెడతారా, కీమో ఎక్కిస్తారా, ఎన్నాళ్ళు ఉండాలి, ఎంతవుతుంది అన్నవే వాళ్ళ ప్రశ్నలు. ఆ రద్దీలో ఎవరో వచ్చి, ‘అమ్మా, కొత్త మందు ఒకటి వచ్చింది, మీరు ఇందులో చేరవచ్చు’ అని ఇరవై పేజీల కాగితం చేతికిస్తారు. అది తెలుగులోనే ఉంటుంది. కానీ ఆ తెలుగు ఎవరింట్లోనూ మాట్లాడే తెలుగు కాదు. ఆమె వైద్యుడి ముఖం చూస్తుంది. ‘మీరెట్లా చెబితే అట్లా సారూ’ అంటుంది. సంతకం పడుతుంది. చట్టం దృష్టిలో అది సమ్మతే. ఆమె దృష్టిలో అది వైద్యుడు రాసిన మరో మందుచీటీ.

ఇది చదువురానివారి అజ్ఞానమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రయోగంలో చేరినవారు అక్కడ జరిగే ప్రతిదీ తమ మేలు కోసమే జరుగుతోందని అనుకోవడం బాగా చదువుకున్న అమెరికన్లలోనూ ఉందని 1980ల తొలినాళ్ళలోనే పరిశోధకులు గుర్తించారు. ఉదాహరణకు, మొదటి దశ ట్రయల్ ముఖ్యంగా మోతాదు ఎంతవరకు తట్టుకోగలరో చూడటానికి చేస్తారు. జబ్బు తగ్గించడం దాని మొదటి ఉద్దేశం కాదు. వేరే దారి లేని రోగికి ఈ మాట చెప్పడం కఠినం. చెప్పకపోవడం అంతకంటే కఠినం.

మన సమాజంలో దీనికి తోడు మరో చిక్కు ఉంది. దాని మీద మన వైద్యరంగం తగినంత మాట్లాడలేదు. చాలా కుటుంబాలు రోగికి జబ్బు పేరు చెప్పనివ్వవు. ‘అమ్మ తట్టుకోలేదు డాక్టరుగారూ, గడ్డ అని మాత్రమే చెప్పండి’ అని కొడుకు గది బయట చేతులు పట్టుకుంటాడు. ప్రేమతోనే అడుగుతాడు. మామూలు చికిత్సలో వైద్యులు ఏదో ఒకలా నెట్టుకొస్తారు. ట్రయల్ దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. తనకు క్యాన్సర్ ఉందని తెలియని మనిషి క్యాన్సర్ మందు ప్రయోగానికి ఎలా ఒప్పుకోగలదు? కొడుకు చేసిన సంతకం ఆమె సమ్మతి కాదు. ఇలాంటి చోట ట్రయల్ కంటే ముందు జరగాల్సింది ఒక సంభాషణ. తల్లినీ కొడుకునూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఆమె ఎంత తెలుసుకోదలచుకుందో ఆమెనే అడిగి, తొందరపెట్టకుండా, కావాలంటే మర్నాడు మళ్ళీ మాట్లాడే సంభాషణ. దానికి సమయం కావాలి, తెలుగులో హాయిగా మాట్లాడే నర్సో సామాజిక కార్యకర్తో కావాలి. ట్రయల్ ఖర్చుల పట్టికలో పరీక్షలకు, మందులకు, రవాణాకు లెక్క ఉంటుంది. ఈ సంభాషణకు ఎంత లెక్క కట్టారో చూడమని నైతిక కమిటీల్లో కూర్చున్న మిత్రులను కోరుతున్నాను.

సమ్మతి అన్నది ఎంత పలచనైపోగలదో మన నేల మీదే చూశాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రధానంగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. దాన్ని నివారించే టీకా పరిశీలన 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకాలు వేశారు. చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. గుజరాత్‌లోని వడోదరాలో కూడా అలాగే జరిగింది. కొందరు బాలికల మరణాల వార్తలు బయటికి వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమైనట్టు విచారణలో కనిపించలేదు. కానీ సమ్మతి పత్రాలు తీసి చూసినప్పుడు బయటపడిన సంగతికి మాత్రం ఏ విచారణా సమాధానం కాలేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా ఖండించింది.

ఒక గిరిజన గ్రామంలో ఉన్న తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం చేశాడంటే, ఆ తల్లిదండ్రులను అడగవలసిన మనుషులుగానే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. టీకా మంచిదే. అది ప్రాణాలు కాపాడుతుందని ఇవాళ సందేహం లేకుండా తెలుసు. మంచి వస్తువును కూడా అడగకుండా ఇస్తే ఏమవుతుందో ఖమ్మం చూపించింది. మంచి మీద కూడా అనుమానం పుట్టింది. దేశంలో ఆ టీకా ప్రజలకు చేరడం ఎన్నో ఏళ్ళు వెనకబడింది.

అప్పుడు జరిగిన మరో పరిణామం చాలామందికి తెలియదు. అదే రోజుల్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో దేశంలోని పలు కేంద్రాల్లో, హైదరాబాదుతో సహా, వేరే అధ్యయనం నడుస్తోంది. మూడు మోతాదులు కావాలా, రెండు చాలా అన్నది దాని ప్రశ్న. ఖమ్మం వివాదంతో ప్రభుత్వం ఆదేశించి టీకాలు ఆపించగానే అదీ ఆగిపోయింది. అప్పటికి టీకా వేసుకున్న 17,729 మంది బాలికల్లో దాదాపు 5 వేల మందికి ఒక్క మోతాదే పడింది. పరిశోధకులు వారిని వదిలేయలేదు. పదేళ్ళపాటు వెంట ఉండి గమనించారు. ఒక్క మోతాదు కూడా మూడు మోతాదులంత బాగా ముఖ్యమైన రెండు రకాల వైరస్‌ల నుంచి రక్షిస్తోందని 2021లో ప్రకటించారు. కోస్టారికా, కెన్యా అధ్యయనాలతో పాటు ఈ భారతీయ బాలికలు ఇచ్చిన సాక్ష్యం కూడా చూసే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క మోతాదు చాలవచ్చని సిఫారసు చేశారు. పేద దేశాల్లో కోట్లాది ఆడపిల్లలకు టీకా అందే దారి అలా సుగమమైంది. దీన్ని అదృష్టమని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆ బాలికలు ఏళ్ళ తరబడి పరీక్షలకు తిరిగి తిరిగి వచ్చారు. వాళ్ళు రాకపోతే ఆ జ్ఞానం లేదు.

అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద మన దేశంలో జరిగిన మరో పెద్ద అధ్యయనం గురించి కూడా దాచకుండా మాట్లాడాలి. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ళ మధ్య స్త్రీలు 1,31,746 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. మూడు వర్గాలకు మూడు రకాల ముందస్తు పరీక్షలు, నాలుగో వర్గానికి ఏ పరీక్షా లేదు. హెచ్‌పీవీ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో తేలింది. పరీక్ష చేయని వర్గంలో 64 మంది ఆ జబ్బుతో చనిపోయారు. దేశంలో అప్పటికి పరీక్షల వ్యవస్థే లేదు కాబట్టి ఆ స్త్రీలకు కొత్తగా పోయిందేమీ లేదన్నది సమర్థకుల వాదన. ముందస్తు పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని అప్పటికే దశాబ్దాలుగా తెలుసు కదా అన్నది విమర్శకుల వాదన. అధ్యయనం విలువను నేను కాదనను. కానీ చుట్టూ ఉన్న పేదరికాన్ని చికిత్స ప్రమాణంగా తీసుకుని పోల్చడం నాకు సమ్మతం కాదు. పరీక్ష లేని వర్గంలో ఉన్న స్త్రీ ఆ సంగతి స్పష్టంగా తెలుసుకుని, పరీక్ష ఎక్కడ దొరుకుతుందో తెలుసుకుని, అక్కడికి వెళ్ళగలిగే వీలుతో ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినా ఆమె నుంచి మనం తీసుకున్నది ఋణం కాదు.

ఇలాంటి గాయాల నుంచే మన చట్టాలు పుట్టాయి. 2009 జూన్ నుంచి ట్రయల్స్ అన్నిటినీ ముందుగా ప్రజలు చూడగలిగే రిజిస్ట్రీలో నమోదు చేయాలన్నారు. 2012లో స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ ట్రయల్స్‌లో జరుగుతున్న అక్రమాల మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో నష్టపరిహారం నిబంధనలు, సమ్మతి తీసుకునే తీరును వీడియో తీయాలన్న ఆదేశాలు వచ్చాయి. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, పరిహారం ఇప్పుడు హక్కు. నైతిక కమిటీలో సగం మంది ఆ ఆస్పత్రికి చెందనివారై ఉండాలి. ఇవన్నీ ఎంతో అవసరమైనవి. అయితే భయం వల్ల మరో పక్కకు కూడా ఒరిగిపోయాం. కొన్నేళ్ళపాటు ట్రయల్స్ అనుమతులు బాగా తగ్గిపోయాయి. పత్రికల్లో ‘పేదల మీద ప్రయోగాలు’ అన్న శీర్షిక తప్ప మరో శీర్షిక కనిపించని కాలం వచ్చింది. ఆ శీర్షికకు కారణం ఉంది. కానీ పేదలను ప్రయోగాల్లోకి అడగకుండా లాగడం ఎంత అన్యాయమో, పేదల జబ్బుల మీద ప్రయోగాలే చేయకపోవడం అంతే అన్యాయం. రెండో అన్యాయం మీద నిరసన ఊరేగింపులు జరగవు.

ఎందుకంటే ప్రశ్న ఎవరు అడుగుతారో జవాబు వారికే పనికొస్తుంది. పెద్ద మందుల సంస్థలు అడిగే ప్రశ్న తమ కొత్త అణువు అమ్ముడుపోతుందా అన్నది. మనకు కావాల్సిన ప్రశ్నలు వేరు. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి అడిగిన రెండు ప్రశ్నలు చూడండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు కొన్ని నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుంది? అతి చవకైన మత్తుమందు అది. మన దేశంలోని 11 కేంద్రాల్లో 1,600 మంది స్త్రీలు ఆ ట్రయల్‌లో చేరారు. అయిదేళ్ళ తరవాత బతికి ఉన్నవారు 100కు 86 నుంచి 90కి పెరిగారని 2023లో ప్రకటించారు. రాబడి లేని ఈ ప్రశ్నను ఏ కంపెనీ అడుగుతుంది?

రెండోది తల, మెడ క్యాన్సర్లకు సంబంధించినది. పొగాకు, వక్క, గుట్కాల వల్ల మన పల్లెల్లో పట్టణాల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. నివోలుమాబ్ అనే రోగనిరోధక చికిత్స మందు దీనికి పనిచేస్తుంది, కానీ మామూలు మోతాదు ఖరీదును మన రోగుల్లో బహు కొద్దిమందే భరించగలరు. మోతాదులో పదోవంతుకంటే తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు చొప్పున, చవకైన మాత్రలతో కలిపి ఇస్తే ఏమవుతుందని అక్కడి వైద్యులు అడిగారు. 151 మంది రోగులు ఒప్పుకున్నారు. మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాది తరవాత బతికి ఉన్నవారు 100కు 16 మంది. నివోలుమాబ్ కలిపినవారిలో 43 మంది. ఆ మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారి ప్రయోగశాల దారిలో వచ్చిన మందు 75 ఏళ్ళ తరవాత ఒక గుట్కా రోగి నోటి క్యాన్సర్‌కు, ఒక కొత్త ప్రశ్నలో భాగమై మళ్ళీ ఎదురైంది. 2023 అక్టోబరులో అనుమతి పొందిన, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి ఎక్కించే మన తొలి స్వదేశీ కార్-టీ చికిత్స కూడా ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి మన రోగుల సహకారంతోనే పరీక్షించినది. విదేశాల్లో కోట్లలో ఉండే ఆ చికిత్స ధర ఇక్కడ లక్షల్లోకి దిగింది. ఆ లక్షలు కూడా ఒక రైతుకూలీకి ఎక్కడివి అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇలాంటి ట్రయల్స్ తెలుగు ప్రాంతాల ఆస్పత్రుల్లో ఇంకా ఎక్కువ జరగాలని నేను కోరుకుంటున్నాను. హైదరాబాదులో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. దేశంలోని క్యాన్సర్ కేంద్రాలను కలుపుతూ 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ఉంది. రోగులకైతే లోటు లేదు. లోటు ఉన్నది వారిని కలుపుకునే ఏర్పాటులో. బస్సు ఛార్జీలు, పోయిన కూలి, వెంట వచ్చినవారికి ఉండే చోటు, ఊళ్ళో జ్వరం వస్తే రాత్రివేళ ఫోను ఎత్తే మనిషి: ఇవి లేకపోతే ట్రయల్‌లో నగరవాసులే మిగులుతారు. వారి శరీరాలు ఇచ్చిన జవాబును పల్లెలకూ వర్తిస్తుందనుకుని పంచుతాం. ఖర్చులు ఇస్తే అది ప్రలోభం అవుతుందని కొందరు పెద్దలు జంకుతారు. ఋణం ఇచ్చేవాడి జేబులోంచే ప్రయాణం ఖర్చు కూడా పెట్టించడం ఏ న్యాయం?

చివరగా ఋణం తీర్చే సంగతి. రోగి ట్రయల్‌లో చేరేటప్పుడు ఎన్నో కాగితాలు ఇస్తాం. ట్రయల్ ముగిసి, ఫలితం పత్రికలో అచ్చయ్యాక, ఆ ఫలితం ఏమిటో ఆమెకు చెప్పేవారు ఉంటున్నారా? తమ భాగస్వామ్యంతో తేలిన ఫలితాలను తెలుసుకునే అవకాశం రోగులకు ఇవ్వాలని 2013లో సవరించిన హెల్సింకీ ప్రకటన చెప్పింది. దాన్ని మన నైతిక కమిటీలు అనుమతి పత్రంలోనే ఒక షరతుగా పెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కరలేదు. ఫలితం తేలిన ఆరు నెలల్లోగా, ఒక్క పేజీ మించకుండా, రోగి మాట్లాడే తెలుగులో, ప్రశ్న ఏమిటి, జవాబు ఏం వచ్చింది, ఆమె ఏ వర్గంలో ఉంది, ఇప్పుడు ఆమె ఏం చేయాలి అన్న నాలుగు సంగతులు రాసి ఇంటికి పంపాలి. చదవలేనివారికి ఆశా కార్యకర్త చదివి వినిపించాలి. రోగి మరణించి ఉంటే ఆ కాగితం కుటుంబానికి, వారు కోరితేనే, చేరాలి. ఈ పనికయ్యే ఖర్చును ట్రయల్ బడ్జెట్‌లో మొదటి రోజే కేటాయించాలి. ఈ సభలో ఉన్న నైతిక కమిటీల సభ్యులు వచ్చే సమావేశంలో తమ ముందుకు వచ్చే మొదటి దరఖాస్తు నుంచే ఈ షరతు పెట్టాలని చేతులు జోడించి అడుగుతున్నాను.